బెణుకే కదా అని వదిలేయొద్దు

హైదరాబాద్‌లోని కొత్తగూడ కూడలిలో ఫ్లైఓవర్ 2023 జనవరి 1న ప్రారంభమైంది. బండ్లకు దారి దొరికింది, మంచిదే. దాని కింద నడిచేవారి సంగతే ఎవరికీ పట్టలేదు. ఎత్తుపల్లాల కాలిబాట మీద, ఫోను చూసుకుంటూ దిగే మెట్టు దగ్గర పాదం లోపలికి మడతపడితే చాలు, చీలమండ బయటివైపు లిగమెంటు సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. అదే బెణుకు.

మనవాళ్లు వెంటనే వేడినూనెతో గట్టిగా మర్దన చేయిస్తారు. అప్పుడే దెబ్బ తిన్న చోట అది వాపును పెంచుతుంది. కెనడాలోని ఒట్టావా వైద్యులు ఎముక విరిగిందేమో తెలుసుకునేందుకు 1992లో సులువైన పరీక్ష ఒకటి చెప్పారు. చీలమండ గుబ్బ వెనక అంచున నొక్కితే ఎముక నొప్పి పుట్టినా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టుంటే అది వేరే సమస్య, అరికాలి పొర వాపు. అది రాకుండా, కూడలికి దగ్గరలోని బొటానికల్ గార్డెన్‌లో నడిచేవారు అరిగిన బూట్లు మార్చాలి, పిక్కలు సాగదీసే వ్యాయామం చేయాలి.

పక్కనే గచ్చిబౌలిలో శిక్షణ పొందిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది, ఎడమ కాలి గాయంతోనే. ఎముకలో సన్నని చీలిక అని తేలాక ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకుంది. అంతటి క్రీడాకారిణే ఆగినప్పుడు, ఆఫీసు మీటింగు కోసం కుంటుతూ వెళ్లడం ఎందుకు? ఉద్యోగికి వారం విశ్రాంతి కంపెనీలు ఇవ్వాలి, కాలిబాటను నగరపాలక సంస్థ చదును చేయాలి.