జీను కింద భుజం ఆడాలె

ఈ నెల సాంచాల సంగతి పక్కన పెట్టి ఒక తట్టు సంగతి రాస్తున్న. తట్టు అంటే పొట్టి గుర్రం. మిల్లు మూతబడ్డంక మా బావ టాంగా నడిపిండు. తర్వాత టాంగా కూడ పోయింది. ఇప్పుడు ఆయన కొడుకు, అంటే మా మేనల్లుడు, ఒక ఆడ తట్టును పెట్టుకొని మన షోలాపూర్ గడ్డా యాత్రల, బర్త్‌డేలల్ల పిల్లలను ఎక్కించి తిప్పుతడు. ఇంటి కిరాయి, ఇద్దరు పిల్లల ఫీజులు దాని నడుం మీదనే ఉన్నయి.

పోయిన దీపావళి ముందటి నుంచి ఆ తట్టు మొండికేసింది. జీను తెస్తుంటేనే చెవులు వెనక్కి వాలుస్తది. కడుపు కింద తంగు బిగిస్తుంటే కరవ వస్తది. ముందటి కాళ్లు పొట్టి పొట్టిగ వేస్తది, దిగుడు వస్తే తడబడుతది. ఒకసారి చిన్న పిల్ల మీద ఉండంగనే మోకాళ్ల మీద పడబోయింది. పిల్లకు ఏం కాలేదు గని తల్లి తిట్టిన తిట్లు బజారంత విన్నది. చూసినోళ్లు తలా ఒక మాట చెప్పిండ్రు. పొగరెక్కింది, నాలుగు తగిలియ్యి అని ఒకరు, అక్లూజ్ గుర్రాల బజార్ల అమ్మి ఇంకోటి తెచ్చుకో అని ఇంకొకరు. వీడు అమ్మేతందుకే తయారైండు. "మామా, ఇగ దీంతోని కాదు" అన్నడు.

అమ్మే ముందు ఒకసారి పశువుల డాక్టర్‌కు చూపిద్దామన్న. ఆయన గిట్టలు చూసిండు, కాళ్లు వంచి చూసిండు, అవి బాగనే ఉన్నయన్నడు. తర్వాత భుజాల వెనక రెండు దిక్కుల చెయ్యి పెట్టి, ఎర్ర వెంట్రుకల నడుమ నాలుగైదు చోట్ల తెల్ల వెంట్రుకలు చూపించిండు. జీను చాన రోజులు ఒకే కాడ ఒత్తితే లోపల చర్మం దెబ్బతిని అక్కడ తెల్ల వెంట్రుకలు మొలుస్తయట. "గుర్రం కాదు, జీను మార్చు" అన్నడు.

గుర్రానికి మనలెక్క మెడ కింద అడ్డ ఎముక ఉండదు. ముందటి కాళ్లు ఎముకతోని ఎముక అతుక్కొని ఉండవు, కండలతోనే ఒంటికి పట్టుకొని ఉంటయి. కాలు ముందుకు పోతే భుజం పలక పైకొస వెనక్కి జరుగుతది. అక్కడ జీను ముందటి కమాను గట్టిగ కూసుంటే పలక పోయి దానికి తగులుతది. అడుగు అడుగుకు తగులుతది. చంక కాడ బిగుతు కుట్టిన అంగీ తొడుక్కొని తెగిన పోగు అతికేతందుకు చెయ్యి చాపి చూడుండ్రి, ఎట్లుంటదో మీకే ఎరుక. మనం అంగీ విప్పి పడేస్తం. తట్టు ఏం చేస్తది? అడుగు పొట్టిగ వేస్తది, కరవ వస్తది. దాన్ని మనం పొగరు అంటం.

మా ఇంటి కాడ చేసిన పరీక్ష చెప్త, పైస ఖర్చు లేదు. టైలర్ సుద్ద తీసుకొని తట్టు నిలబడి ఉండంగ భుజం పలక వెనక అంచు వెంబడి గీత గీసినం. మేనల్లుడు ముందటి కాలు పట్టుకొని మెల్లగ ముందుకు చాపిండు. నేను చెయ్యి పెట్టి చూస్తే పలక ఆ గీత దాటి దగ్గర దగ్గర మూడు వేళ్లు వెనక్కి వచ్చింది. తర్వాత జీను వేసి, కమాను కింద అరచెయ్యి పెట్టి, మళ్ల కాలు చాపుమన్న. నా వేళ్లు నలిగినయి. మేనల్లుడిని కూడ చెయ్యి పెట్టుమన్న. అమ్ముడు మాట ఆ దినంతోనే బందైంది.

మరి జీను వెనక్కి జరిపితే సరిపోదా? వాని జీను పెద్ద గుర్రానిది, పొడుగు. వెనక్కి జరిపితే ఆఖరి పక్కటెముక దాటి నడుం మీద పడుతది. అక్కడ కింద ఆసరా లేదు, బరువు పెట్టొద్దు. తట్టు వీపు చిన్నది. భుజం పలక వెనక నుంచి ఆఖరి పక్కటెముక దాక ఎంత జాగ ఉంటే జీను అంతల్నే కూసోవాలె.

మన షోలాపూరోళ్లకు ఒక అలవాటున్నది, ఏది ఒత్తినా కింద చద్దరు మడత పెడతం. వీడు నాలుగు మడతల చద్దరు పెట్టిండు. ఇరుకు చెప్పుల మందం సాక్సులు తొడిగినట్టు అది ఇంక బిగిసింది. ఇరుకు జీనుకు మందం గుడ్డ మందు కాదు. సరిపోయే జీను కింద ఒక్క పొర నూలు గుడ్డ చాలు. కుట్టు, అంచు జీను కింద పడొద్దు. గుడ్డను నడి ఎముక మీద బిగదియ్యకుండ జీను మధ్య కాలువలకు పైకి లాగి పెట్టాలె. నైలాన్ కలిసినది చెమట పీల్చదు, వద్దు. పాత నూలు టవల్ మంచిగ పని చేస్తది, గంజి పోయేదాక ఉతికి వాడుండ్రి.

ఇగ కొనుడు. కాన్పూర్ల గుర్రపు సామాన్ చేసే కార్ఖానాలు చాన ఉన్నయి, మన చద్దరుకు ఉన్నట్టే అక్కడి జీన్లకు కూడ జీఐ గుర్తింపు ఉన్నది. కొత్త తోలుది మన చేతికి అందేది కాదు. అందుకే పాతది చూసినం. పోయే ముందు మందం కరెంటు వైరు ముక్కను తట్టు మూపు మీద, సుద్ద గీతకు మూడు వేళ్లు వెనక, ఒత్తి వంచి, ఆ వంపును అట్ట మీద గీసి కత్తిరించినం. తట్టును బస్సుల తీసుకపోలేం గద, అట్టను తీసుకపోయినం. పూణే దిక్కు ఒక రైడింగ్ స్కూలోళ్లు పాత సామాన్ తీసేస్తున్నరంటే పోయి మూడు జీన్లు చూసినం. ఒకటి అట్ట మీద చిటపటమని బిగుసుకున్నది. ఇంకొకటి మరీ వెడల్పు, మూపు మీదికి దిగి ఎముకకు తగులుతది, అది కూడ వద్దు. మూడోది తోలుది కాదు, సింథటిక్, తేలిక, కమాను అట్టకు సరిగ్గ కూసున్నది. కొనే ముందు జీనును కడుపుకు ఆనించి వెనక కొసను దగ్గరికి లాగి చూసిన. వంగినా, కిర్రుమన్నా లోపలి చట్రం విరిగినట్టు, ఎంత చవకైనా ముట్టొద్దు. 4,500కు ఇచ్చిండ్రు. కింద దిండ్లల్ల ఒక దిక్కు గడ్డలు కట్టి ఉంటే మన మోచి అవి విప్పి ఉన్ని దువ్వి మళ్ల నింపిండు, 600 తీసుకున్నడు.

అంత చేసినా మొదటి దినం జీను మెల్లగ ముందుకు జరిగి మళ్ల భుజం మీదికే వచ్చింది. తట్టు కడుపు గుండ్రం, మూపు చదును, తంగు ఎక్కడ సన్నగుంటే అక్కడికి జారుతది, జీనును వెంట లాగుతది. తోక కింద నుంచి వేసే పట్టా ఉంటది, మరాఠీల దుమ్చీ అంటరు. అది కట్టినంక ఆగింది. దుమ్చీ మెత్తగ ఉండాలె, చెయ్యి దూరేంత వదులు ఉండాలె.

జీను సరిగ్గ కూసున్నదో లేదో చెమట చెప్తది. అరగంట నడిపించి జీను తీసి చూడుండ్రి. కింద రెండు దిక్కుల ఒకే తీరుగ తడి ఉంటే మంచిది. తడి నడుమ ఒక పొడి మచ్చ ఉంటే అక్కడ ఎక్కువ ఒత్తుతున్నట్టు.

ఇంకో మాట, ఇది జీనుతోని తీరేది కాదు. ఫోటో కోసం పిల్లతోని తండ్రి కూడ ఎక్కుతడు. బరువు మోసే పశువుల మీద 1965ల వచ్చిన సర్కారు నిబంధనలల్ల తట్టు మీద వేసే బరువు 70 కిలోలు దాటొద్దని ఉన్నది. దినానికి 9 గంటలకు మించి, నడుమ ఆరాం లేకుండ 5 గంటలకు మించి పని చేయించొద్దు. 37 డిగ్రీలు దాటే చోట పగటి 12 నుంచి 3 దాక అసలే వద్దు. మన ఎండాకాలంల ఆ మూడు గంటలు నీడకు కట్టేయవలసిందే. గిరాకీ పోతదని మేనల్లుడు గులిగిండు. పోయే గిరాకీ సాయంత్రం వస్తది అన్న.

కొత్త జీను వేసే ముందు మూడు వారాలు తట్టు వీపు మీద ఏం పెట్టలేదు. ఆ మూడు వారాలు వాని ఇల్లు మా చెల్లె బీడీల మీద నడిచింది. ఇప్పుడు అడుగు పొడుగైంది, దిగుట్ల తడబడుత లేదు. జీను చూస్తే చెవులు ఇంకా కొంచెం వాలుస్తది, పాత నొప్పి యాదికున్నట్టుంది. తెల్ల వెంట్రుకలు మటుకు పోలేదు, పోవు కూడ.

గడ్డా యాత్రకు ముందు మనోళ్లల్ల ఎవరన్న తమ తట్టుకు కొలత తీసుకోవాలంటే ఆదివారం పొద్దుగాల తోలుకొని రాండ్రి. వైరు ముక్క, సుద్ద నా కాడ ఉన్నయి. అట్ట మీరు తెచ్చుకోండ్రి.