చేమాకు మీద నీళ్లెందుకు నిలవవు?

పోయిన శ్రావణంలో మా పెరట్లో చేమ మొక్కలకి పేనుబంక పట్టింది. పులుసులోకి కోసుకునే లేతాకులన్నీ ముడుచుకుపోతుంటే ప్రాణం ఉసూరుమంది. వేపగింజలు దంచి రాత్రంతా నానబెట్టి, వడకట్టి పొద్దున్నే కొట్టాను. ఏం లాభం? కషాయమంతా ముత్యాల్లా దొర్లి నేలపాలైంది! రెండుసార్లు అదే తంతు.

మా అత్తయ్య చూసి, "నాలుగు కుంకుడుకాయలు నలిపి ఆ రసం కలుపు అమ్మాయ్" అన్నారు. కలిపి కొట్టానో లేదో, ఆకంతా తడిసింది. వారంలో రెండుసార్లు కొట్టేసరికి పురుగు తగ్గింది.

కారణమేమిటని మా అబ్బాయి పుస్తకాలు తిరగేశాను. తామరాకుదీ, చేమాకుదీ ఒకటే గుణమట. చేతికి నున్నగా తగులుతుంది గానీ ఆకు నిండా కంటికి కనపడని బుడిపెలు. తామరాకు మీదివి మిల్లీమీటరులో నూరో వంతు, కొంచెం అటూ ఇటూ. వాటిపైన మైనపు పూత. నీటిబొట్టు బుడిపెల కొసల మీదే కూర్చుంటుంది, కింద సందుల్లో గాలి ఉంటుంది. పట్టు దొరక్క గుండ్రంగా చుట్టుకుని, దుమ్మునీ వెంటేసుకుని జారిపోతుంది. నమ్మకం లేకపోతే చేమాకుని బకెట్లో ముంచి చూడండి. నీళ్లలో వెండిరేకులా మెరుస్తుంది, పైకి తీస్తే పొడిగా వస్తుంది. ఆ మెరుపు గాలిదే!

ఈ సంగతి బయటపెట్టింది జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో బార్త్‌లాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. సూక్ష్మదర్శినిలో పెట్టేముందు నున్నటి ఆకుల్ని కడగాల్సి వచ్చేదట, గరుకు ఆకులు మాత్రం శుభ్రంగానే ఉండేవట. 1997లో తామరాకు మీద ఆయన వ్యాసం వచ్చింది. మనం "తామరాకు మీద నీటిబొట్టు" అని ఎప్పట్నించో అంటూనే ఉన్నాం, ఎందుకలా అని మాత్రం అడగలేదు!

తామరాకుకి గాలి పీల్చే రంధ్రాలు పైవైపునే ఉంటాయి. నీటి మీద తేలే ఆకు కదా, పైన నీరు నిలిస్తే దానికి ఊపిరాడదు.

కుంకుడు రసం గానీ సబ్బు గానీ కలిస్తే నీరు ముద్దకట్టే గుణం పోయి సందుల్లోకి దిగుతుంది. అలాగని అస్తమానం కొట్టకండి, మైనం పోతుంది.

క్యాబేజీ ఆకుల మీది బూడిదరంగు పూత కూడా మైనమే. కుళాయి కింద అలా పెట్టి తీస్తే నీళ్లు పైపైనే జారిపోతాయి. రేకులు విడదీసి, ఒక్కొక్కటీ చేత్తో రుద్ది కడగాలి. సబ్బు మాత్రం వద్దు సుమండీ.

కషాయం ఏరోజుది ఆరోజే వాడాలి. ఎండకి దాని చేవ పోతుంది కనక సాయంత్రం కొట్టండి. నేనైతే కొట్టాక వారం దాకా ఆకు కోయలేదు.