లెక్కలోకి రాని సాయం

ఈ ఏడాది మేము ఒక బహుమతికి పంపిన నవల వెనక్కి వచ్చింది. బహుమతి పేరు చెప్పం. ఈ పత్రిక పాఠకులకు చెప్పక్కర్లేదు కూడా. నవల బాగాలేదని తిప్పి పంపితే నోరు మూసుకునేవాళ్ళం. బాగుందనే అన్నారు. కాకపోతే ఒక స్నేహితురాలు పక్కన కూర్చుని మూడు అధ్యాయాలు తిరగరాయించిందని రచయిత్రి ముందుమాటలో చెప్పుకున్నారట. కనక అది ‘స్వతంత్ర రచన’ కాదట. ఆ నాలుగు వాక్యాలూ రాయకుండా ఊరుకుంటే బహుమతి వచ్చేదన్నమాట!

ఇలాంటి తీర్పు గ్రీకు పురాణాల్లో యురిస్థియస్ అనే రాజు ఎప్పుడో ఇచ్చాడు.

హెరాక్లిస్, అంటే మనం చిన్నప్పటి బొమ్మల పుస్తకాల్లో చదివిన హెర్క్యులిస్, లెర్నా చిత్తడి నేలలో హైడ్రా అనే పామును చంపిన కథ తెలిసిందే. దానికి తొమ్మిది తలలు. నడిమి తలకు చావు లేదు. గదతో ఒక తల పగలగొడితే ఆ చోట రెండు మొలుస్తున్నాయి. చాలదన్నట్టు పెద్ద పీత ఒకటి వచ్చి కాలు కరిచింది. అప్పుడు ఆ మహావీరుడు సాయానికి కేకేశాడు. పరుగెత్తుకొచ్చినవాడు ఇయోలాస్. సోదరుడు ఇఫిక్లిస్ కొడుకు, రథం తోలే కుర్రాడు. పక్కనున్న అడవికి నిప్పంటించి, మండే కొరకంచులు పట్టుకొచ్చి, తల తెగిన చోటల్లా మళ్ళీ మొలవకుండా మొదలు కాల్చాడు. పెదనాన్న కొట్టడం, అబ్బాయి కాల్చడం. ఇద్దరిలో ఏ చెయ్యి ఆగినా ఆ రోజు పాముదే గెలుపు. చివరికి చావులేని తలను కూడా నరికి, పాతిపెట్టి, మీద పెద్ద బండ పెట్టాడు హెరాక్లిస్.

అపొల్లోడోరస్ పేరుతో మనకు మిగిలిన పురాణ సంగ్రహం ప్రకారం హెరాక్లిస్ చెయ్యాల్సినవి పది పనులే. ఎనిమిదేళ్ళ ఒక నెలలో పదీ ముగించుకొస్తే, ఆ పనులు చెప్పిన యురిస్థియస్ రెండు కొట్టేశాడు. ఆజియస్ పశువుల కొట్టం శుభ్రం చేసింది చెల్లదు, ప్రతిఫలం అడిగాడు కనక. హైడ్రా చెల్లదు, ఇయోలాస్ సాయపడ్డాడు కనక. అలా పది కాస్తా పన్నెండయ్యాయి. ఆ సంగ్రహంలో పన్నెండు సాహసాల లెక్క ఈ కొట్టివేతల్లోంచి పుట్టిందే.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. పరిహారంగా వేసిన కొత్త పనుల్లో ఒకటి హెస్పెరిడీస్ తోటలోని బంగారు ఆపిల్ పళ్ళు తేవడం. ఉపాయం చెప్పింది ప్రొమీథియస్. తోటకు వెళ్ళి పళ్ళు తెచ్చింది అట్లాస్. అంతసేపూ అతని బదులు ఆకాశం మోస్తూ నిలబడ్డాడు హెరాక్లిస్. యురిస్థియస్ కిక్కురుమనలేదు. అంతకుముందు స్టింఫాలస్ పక్షుల్ని బెదరగొట్టడానికి కంచు చిడతలు ఇచ్చింది సాక్షాత్తూ అథీనా దేవి. దానికీ అభ్యంతరం లేదు. దేవత చెయ్యేస్తే అనుగ్రహం, రథం తోలే కుర్రాడు చెయ్యేస్తే అనర్హత!

మన బహుమతి సంఘాల నీతి దీనికి ఏం తీసిపోయింది? పెద్దాయన చేత పది పేజీల ముందుమాట రాయించుకుంటే అది ఘనత. ఆచార్యులవారు చెప్పారని ముగింపు మార్చేస్తే వినయం. పేరు లేని స్నేహితురాలు రాత్రిళ్ళు కూర్చుని దిద్దితే మాత్రం మచ్చ. డబ్బిచ్చి రాయించుకునేవాళ్ళను అడ్డుకోవడానికే ఈ నిబంధన అంటారు నిర్వాహకులు. అలాంటివాడు ఆ సంగతి ముందుమాటలో చెప్పుకుంటాడా? ఈ వలలో నిజం చెప్పినవాళ్ళే పడతారు. తనతో జంటగా రాసిన తిరుపతిశాస్త్రి పోయాక కూడా ఆ జంట పేరుతోనే పుస్తకాలు వేసిన చెళ్ళపిళ్ళవారు సైతం ఈ నిబంధన ముందు నిలబడలేరు.

యురిస్థియస్ గురించి మరొక్క మాట. హెరాక్లిస్ అంటే హడలిపోయి, భూమిలో కంచు జాడీ పాతించుకుని అందులో దాక్కునేవాడు. ఆజ్ఞలు కోప్రియస్ అనే దూత చేత పంపేవాడు. హైడ్రాను కళ్ళతో చూడనివాడు దాన్ని ఎవరు చంపారో తేల్చాడు. మాకు వచ్చిన ఉత్తరం మీద కూడా సంతకం లేదు.

కవులు ఆ తీర్పును ఖాతరు చెయ్యలేదు. అపొల్లోడోరస్ కన్నా ఎంతో ముందువాడైన హెసియడ్, హైడ్రా వధ చెప్పేచోట హెరాక్లిస్ పేరు పక్కనే ఇయోలాస్ పేరు పెట్టాడు. యురిపిడీస్ ఇంకో అడుగు ముందుకేసి, హెరాక్లిస్ సంతానం మీద రాసిన నాటకాన్ని ముసలి ఇయోలాస్ నోటనే మొదలుపెట్టాడు. వీరుడు పోయాడు, పిల్లల్ని యురిస్థియస్ ఊరూరా తరుముతున్నాడు. వాళ్ళను మారథాన్‌లో గుడి అరుగెక్కించి కాపాడుతున్నవాడు ఈ ముసలాయనే. యుద్ధానికి బయల్దేరితే ఆయుధాలు మోయడానికి కూడా సేవకుడు కావాలి. ఒక్క రోజు యవ్వనం ఇమ్మని వేడుకుంటాడు, వస్తుంది. యురిస్థియస్‌ను బతికుండగానే పట్టి తెస్తాడు. హైడ్రా పనిని లెక్కలోంచి కొట్టేసినవాణ్ణి అతని చేతికే చిక్కించాడు యురిపిడీస్!

నిబంధన సవరించమని నిర్వాహకులకు లేఖ రాశాం. సవరించినా మానినా రచయితలకు మా విన్నపం ఇది: చెయ్యి వేసినవాళ్ళ పేర్లు దాచకండి, రచనతోపాటే రాసి పంపండి. మీ పేరు పక్కనే అచ్చువేస్తాం.