గ్రీజు పెట్టే అరగంటకు కూలి ఎవరిస్తారు?

మామిడి, పామాయిల్ తోటలున్న చోట ఇప్పుడు స్లాషర్ చప్పుడు మామూలైపోయింది. కూలీలు దొరక్క కొందరు, గడ్డి మందు కొట్టి కొట్టి విసిగిపోయి కొందరు ట్రాక్టర్ వెనక తగిలించే ఈ గడ్డి కోత యంత్రానికి వచ్చారు. మంచిదే. కోసిన గడ్డి తోటలోనే పడి కుళ్లుతుంది, నేలలో తేమ నిలుస్తుంది. పత్తి ఏరడం అయ్యాక కట్టెను ముక్కలు చేసి దున్నడానికి కూడా దీన్ని వాడుతున్నారు. కట్టె చేలో నిలబడి ఉన్నా, గట్టున కుప్పగా పడి ఉన్నా గులాబీ రంగు పురుగుకు మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు.

నా తగవు యంత్రంతో కాదు. దాన్ని మనకు అంటగట్టే తీరుతో.

2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద 40 నుంచి 50 శాతం దాకా సబ్సిడీ ఇస్తున్నారు. యంత్రం ముందు రైతును నిలబెట్టి ఫొటో తీస్తారు. అంతటితో వాళ్ల పని అయిపోయింది. పెట్టెలో వచ్చే పుస్తకం చాలాసార్లు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. తిప్పి చూసి అటక మీద పెడతాం.

ఆ పుస్తకంలో ఉండేది బ్రహ్మవిద్యేమీ కాదు. చదునైన నేల మీద యంత్రాన్ని దించి కుడి, ఎడమ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడాలి. తేడా ఉంటే కుడి చేయి పొడవు మార్చాలి. తర్వాత టాప్ లింక్ తిప్పి, ముందు భాగం వెనక కంటే అర అంగుళం కిందికి ఉండేలా పెట్టాలి. వెనక భాగం కిందికి ఉంటే ఒకసారి తెగిన గడ్డినే బ్లేడు మళ్లీ మళ్లీ కొడుతుంది, డీజిల్ తాగుతుంది. తోటలో మూడు నాలుగు అంగుళాల ఎత్తున కోస్తే చాలు. నున్నగా గీయాలని కిందికి దించితే బ్లేడు మట్టిని, రాళ్లనూ కోస్తుంది.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలి. అందుకు ఇంజన్ ఎంత వేగంలో ఉండాలో చాలా ట్రాక్టర్లకు మీటరు మీదే గుర్తు ఉంటుంది. డీజిల్ మిగులుతుందని తగ్గించి తోలితే గడ్డి తెగదు, చీలుతుంది. గడ్డి దట్టంగా ఉంటే గేరు తగ్గించాలి గాని ఇంజన్ వేగం కాదు.

బ్లేడ్లు సాన పట్టేటప్పుడు అన్నిటినీ సమానంగా అరగదీయాలి. మార్చితే జతగానే మార్చాలి. కిరాణా కొట్టు తక్కెడలో వేసి చూసినా తేడా తెలిసిపోతుంది. బరువు తేడా ఉంటే యంత్రం వణుకుతుంది, ఆ వణుకు బేరింగులను తినేస్తుంది. విరిగిన బ్లేడుకు వెల్డింగ్ అతుకు వేయించడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఆ ముక్క ఊడితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక షియర్ బోల్టు. రాయి తగిలినప్పుడు తాను తెగి గేర్ బాక్సును కాపాడటానికే దాన్ని పెట్టారు. మా వైపు ఒక గ్రూపు యంత్రానికి ఆ బోల్టు మాటిమాటికీ తెగుతోందని ఎవరో గట్టి బోల్టు బిగించారు. ఆ తర్వాత తుమ్మ మొద్దు తగిలితే గేర్ బాక్సు పళ్లే రాలిపోయాయి. అమ్మిన దుకాణం వారు వారంటీ వర్తించదన్నారు. కొనేనాడు ఈ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయింది?

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది పీటీఓ షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు విషయం. గ్రీజు పెట్టడానికి అడ్డమని మొదటి నెలలోనే తీసి పారేస్తున్నారు. 540 చుట్లంటే సెకనుకు 9. పిడికిలంత లావున్న షాఫ్టు సెకనులో దాదాపు 2 మీటర్ల బట్టను చుట్టేసుకుంటుంది. పంచె కొంగు, తువ్వాలు, ఆడకూలీల చీర చెంగు, ఏది చిక్కినా చెయ్యి వెనక్కు తీసుకునే వ్యవధి ఉండదు. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతుంటే 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం చేశారు. చట్టం పుస్తకంలో ఉంది, మన షాఫ్టులు మాత్రం బోసిగానే తిరుగుతున్నాయి.

డ్రైవర్ల నిర్లక్ష్యం అని యజమానులు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. బాడుగ గంటల లెక్క. చక్రం తిరిగిన గంటకే డబ్బు. పొద్దున్నే జాయింట్లకు గ్రీజు కొట్టి, గేర్ బాక్సులో 90 నంబరు ఆయిల్ చూసి, బ్లేడు బోల్టులు బిగించి, యంత్రం కింద దూరే ముందు ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, హైడ్రాలిక్‌ను నమ్మకుండా చెక్క దిమ్మెలు పెట్టడానికి కనీసం అరగంట పడుతుంది. ఆ అరగంటకు అతనికి కూలి కట్టకుండా, చెయ్యలేదని తిట్టడం ఏం న్యాయం? బాడుగకు పిలిచే మనం కూడా "ఇంకా రాలేదేం" అని ఫోన్ల మీద ఫోన్లు కొడతాం.

అందుకని మన సంఘం రెండు పనులు చేపట్టాలంటాను. గ్రూపు యంత్రాలున్న ప్రతి ఊళ్లో ఆ అరగంటను డ్రైవర్ కూలిలో కలపాలి, బాడుగ ఆ మేరకు పెరిగినా సరే. వ్యవసాయ శాఖను అడగాల్సినవి వేరే ఉన్నాయి: సబ్సిడీ యంత్రంతో తెలుగు పుస్తకం, ఒక జత అదనపు బ్లేడ్లు, షాఫ్టు తొడుగు ఇవ్వని కంపెనీకి బిల్లు ఆపాలి. సీజనుకు ముందు ఒక రోజు మెకానిక్‌ను ఊరికి పంపాలి, భూమి పాసు పుస్తకం లేని కౌలు రైతునూ పిలవాలి. వచ్చే మండల సమావేశంలో ఈ విషయాలు చర్చకు పెడుతున్నాను. మీ ఊళ్లో తొడుగు లేని షాఫ్టులు ఎన్ని తిరుగుతున్నాయో లెక్క రాసుకుని రండి.