కంభము చెఱువుగట్టున ఒక దినము



వెస్టిండీసు దీవుల సముద్రతీరములను గూర్చి మీలో పలువురు వినియుందురు. అచ్చట తీరమునకు కొంత దూరమున పగడపు గుట్టలు గోడవలె నిలిచి కెరటములను విఱుగగొట్టును. అందుచే ఒడ్డునగల నీరు కొలనువలె నిశ్చలముగ నుండును. కన్నులకు అద్దపు మూతయు నోట నొక గొట్టమును తగిలించుకొని స్త్రీలు సయితము ఆ నీటిపై బోరగిల తేలుచు అడుగున తిరుగు రంగురంగుల చేపలను చూచెదరు. అట్టి వినోదము మన దేశమున అండమాను, లక్షదీవులయందును కలదు. అంత దూరము పోజాలనివారికి ప్రశాంతజలము మన సీమలోనే లేకపోలేదు. మార్కాపురమునకును గిద్దలూరునకును నడుమనున్న కంభము చెఱువే అది.

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ పాఱుచోట కట్ట వేసి ఈ చెఱువును నిర్మించిరి. కట్ట యెత్తు 57 అడుగులు. చెఱువు నిండినప్పుడు నీరు రమారమి ఏడు కిలోమీటర్ల పొడవునను, మూడున్నర కిలోమీటర్ల వెడల్పునను వ్యాపించును. దీనిని శ్రీకృష్ణదేవరాయల రాణియు గజపతి రాజపుత్రికయునగు వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. 2020వ సంవత్సరమున అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో చేర్చిరి. గుంటూరు నంద్యాల రైలుమార్గమున కంభము స్టేషను కలదు గనుక పిల్లలతో పోవుట కష్టము కాదు. వానలు తప్పిన యేండ్ల చెఱువు ఎండిపోవును గనుక, నీరున్నదో లేదో ముందుగా విచారించుకొని బయలుదేరవలెను.

ఒక కార్తికమాసమున మేము పదిమంది స్త్రీలము పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి వనభోజనమునకు పోయితిమి. పులిహోర, దధ్యోదనము ముగించి కట్టపై కూర్చుండి కబుర్లలో పడితిమి. కొండల నీడ నీటిలో కదలక నిలిచియుండెను. అలలేని నీటికి భయమేమి యని మా యందఱి తలంపు. పదేండ్ల బాలిక యొకతె కాళ్లు కడుగుకొనుటకు దిగి, పాకుడుపట్టిన రాతిపై జాఱి నీటిలో పడినది. ఒడ్డునకు రెండు బారలకంటె దూరము లేదు. అయినను ఆ చోట లోతు ఎక్కువ. మేము కేకలు వేసితిమి, గుండెలు బాదుకొంటిమి. మాలో నొక్కతెకును ఈత రాదు. ఇంతలో గొఱ్ఱెలకాపరి యైన వృద్ధుడొకడు పరుగున వచ్చి, రాతిమీద బోర్లపడుకొని, తన తలగుడ్డ విప్పి కొస విసరెను. పిల్ల దానిని పట్టుకొన్నది. ఆతడు మెల్లగా ఒడ్డునకు లాగెను.

“తాతా, నీకు ఈత వచ్చును గనుక మా బిడ్డ దక్కినది” అంటిమి.

“నాకూ ఈత రాదు తల్లీ. తలగుడ్డ ఉండెగదా!” అని ఆతడు గొఱ్ఱెల వెంట పోయెను.

మా పదిమంది ఒంటిమీదను పది చీరలున్నవి! ఒక్కతెకైనను ఆ యాలోచన తట్టలేదు. ఆ సిగ్గు నన్ను నేటికిని విడువలేదు గనుకనే ఈ మాటలు వ్రాయుచున్నాను.

నీటియొడ్డునకు పోవు తల్లులు కొన్ని విషయములు మఱవరాదు. తూముల దాపున నీరు పైకి కదలనట్లున్నను లోపల బలముగ లాగును, అచ్చట దిగరాదు. కట్ట రాళ్లపై కాక, ఊరివారు చూపిన మెరకచోట మొలలోతు మించక స్నానమాడవలెను. చిన్నబిడ్డ చేతికందు దూరమున నుండవలెను. మునుగువారు గట్టిగా కేకవేయుదురని నమ్మరాదు. అనేకులు చప్పుడు లేకయే మునుగుదురు. ఈత రానివారు వెంట దూకిన రెండు ప్రాణములు పోవును. చీరయో, త్రాడో, కఱ్ఱయో అందింపుడు. పైకి తీసిన బిడ్డను తలక్రిందులుగా వ్రేలాడదీయుటయు, పొట్ట నొక్కుటయు పాత పొరపాట్లు. ఊపిరి లేనియెడల వెల్లకిల పరుండబెట్టి, ముందు నోట ఊపిరి ఊది, పిదప ఱొమ్ము నడుమ నొక్కుచు వైద్యసహాయము వచ్చువఱకు ఆపక చేయవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో నీట మునిగి మరణించినవారు రమారమి మూడు లక్షలు. వారిలో నాలుగవవంతు ఐదేండ్లలోపు పసివారు. కావున ఈత వేడుక మాత్రమే కాదు, ప్రాణరక్షణ. మన పల్లెలలో మగపిల్లలు బెండ్లు నడుమునకు కట్టుకొని బావులలో ఈత నేర్చుచుండిరి. ఆడపిల్లను మాత్రము గట్టుననే నిలిపితిమి. వయసు మీఱినదన్న సాకును చెల్లదు. సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల నలుబదియేండ్లు దాటిన పిదప ఈత సాధనచేసి, 2021లో తన 47వ యేట సింహళమునుండి ధనుష్కోటి వఱకు పాక్ జలసంధిని ఈదెను. మనము సముద్రములు దాటనక్కఱలేదు. రెండు బారలు ఈదగలిగిన చాలును.

ఆ దినము నీటిలో పడిన బాలిక మఱుసటి వేసవిలో తల్లితోకూడ ఈత నేర్చినది. తల్లికే ఎక్కువ దినములు పట్టినది. అయినను ఆమె మానలేదు. ఇంత నీటిని మనకు నిలిపియిచ్చినది ఒక స్త్రీయే యని చెప్పుకొందుము. ఆ నీటిని చూచి భయపడి గట్టున నిలుచుట మన ఆడుబిడ్డలతోనైనను ముగియుగాక!