పొగలో పోవు ధనము

బొగ్గుల బట్టీ పొగను జూచి దూరముగ తొలగిపోవుట యందఱికి నలవాటు. ఆ పొగలో నుపయోగకరమైన ద్రవ్యమొకటి వ్యర్థముగ పోవుచున్నదని యెఱిగినవారు కొందఱే. అదియే కట్టె వినెగరు. దానిని వదలక పట్టుకొనవలెననియు, పట్టుకొన్న పిదప దానినిగూర్చి యతిశయోక్తులు పలుకరాదనియు మా యభిప్రాయము.

గాలి చాలినంత సోకనీయక కట్టెను కాల్చినచో బొగ్గు మిగులును. పొగయు నావిరియు వెలువడును. ఆ పొగను ఏటవాలుగ నిలిపిన పొడవైన వెదురు గొట్టము గుండ పోనిచ్చిన, అది చల్లబడి చుక్కలు చుక్కలుగ కారును. మామూలు ఇనుమును ఈ యామ్లము తినివేయును గనుక వెదురే మేలు. జపాను దేశమున పొగ సుమారు 80 మొదలు 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమితో నున్నప్పుడే దీనిని పట్టి, నెలల తరబడి కదల్పక యుంతురు. తేలిక నూనె పైకి తేలును. తారు అడుగునకు దిగును. నడిమి తేటయే పనికివచ్చునది. అందు నూటికి 80 పాళ్లకు పైగా నీరే. తక్కినదానిలో ముఖ్యమైనది ఎసిటిక్ ఆమ్లము.

ఇది క్రొత్త విద్య కాదు. 1923లో భద్రావతియందు ఉత్పత్తి నారంభించిన మైసూరు ఇనుప కర్మాగారము కట్టెబొగ్గుతో ఇనుము కరగించుచు, ఆ కట్టె యావిరినుండియే కాల్షియము ఎసిటేటును, మిథైలు ఆల్కహాలును, తారును తీసెను. నేడు ఎసిటిక్ ఆమ్లము వేఱు పద్ధతులచే చౌకగ తయారగుచున్నది గదా యని కొంద ఱనవచ్చును. నిజమే. మేము కోరునది ఆమ్లపు వర్తకము గాదు; బట్టీయొద్ద కండ్లు మండించుకొను కూలివానికి ఆ పొగనుండియే మఱి నాలుగు డబ్బులు దొరకుట.

ఈ తేటను 200 మొదలు 500 రెట్లు నీటితో కలిపి పైరులపై చల్లుదురు. చిక్కగ చల్లిన ఆకు మాడును. పశువుల కొట్టములలోని దుర్వాసనను తగ్గించుటకును వాడుదురు. అయితే దీనిని సర్వరోగ నివారిణి యని యమ్మువారిని నమ్మరాదు. మిథైలు ఆల్కహాలును, తారు జాడలును గల ద్రవమును త్రాగుట ప్రాణాపాయము.

దీనికై అడవులు నఱకుటయు తగదు. మన బీళ్లనాక్రమించిన సర్కారు తుమ్మ చాలును.

విద్యార్థులారా! పాఠశాల తోటలో రెండు మడులను సమముగ పెంచి, ఒకదానికి ఈ నీటిని, రెండవదానికి వట్టి నీటిని చల్లుడు. కనబడినదానిని కనబడినట్లే వ్రాసికొనుడు. మేలు కలిగిన మీ తండ్రులకు చెప్పుడు. కలుగనియెడల అదియు చెప్పుడు. సత్యమును దాచని విద్యయే రైతునకు నిజమైన సాయము.