పాతిక కిలోల సర్వో, పాత కరెంటు

పోయిన సెమిస్టర్‌లో మా క్లబ్బు మాన్‌స్టర్ ట్రక్కుకి కొత్త స్టీరింగ్ సర్వో కొనాలని అందరికంటే గట్టిగా వాదించింది నేనే. మనిషికి 200 చొప్పున పది మంది దగ్గర వసూలు చేసిందీ నేనే. సర్వో బిగించిన తొమ్మిదో రోజు ట్రక్కు వెళ్లి మావాడి కాలికి గుద్దుకుంది. రెండు కుట్లు పడ్డాయి. నింద మాత్రం రిమోట్ పట్టుకున్న ఫస్టియర్ అమ్మాయి మీద పడింది. వేసిందీ నేనే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొలవకుండా కొన్న పార్టు క్లబ్బు డబ్బుకి దండగ, పక్కన నిలబడ్డవాళ్లకి ప్రమాదం. మన కాలేజీలో ప్రతి ప్రాజెక్టులోనూ ఏదైనా సరిగ్గా పనిచేయకపోతే ముందు వచ్చే మాట "పెద్దది కొందాం". ఎందుకు పనిచేయట్లేదో అడిగేవాడు తక్కువ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సర్వో అంటే ఒక చిన్న మోటారు, కొన్ని గేర్లు, షాఫ్టు ఎంత తిరిగిందో చెప్పే సెన్సరు, వీటిని నడిపే ఒక బోర్డు. ఇవన్నీ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బాలో ఉంటాయి. రిసీవర్ దానికి మామూలుగా సెకనుకి 50 పల్సులు పంపిస్తుంది. పల్సు నిడివి 1.5 మిల్లీసెకన్లు అయితే చక్రాలు నిటారు, 1 వైపు తగ్గితే ఒక పక్కకి, 2 వైపు పెరిగితే ఇంకో పక్కకి. ఎంత తిరగాలో చెప్పేది పల్సు, తిప్పే బలం ఇచ్చేది కరెంటు. ఈ రెండో సగం సంగతే మేం మర్చిపోయాం.

మా పాత సర్వో 6 కిలోలది, లోపలంతా ప్లాస్టిక్ గేర్లు. మాన్‌స్టర్ ట్రక్కు టైర్లు లావుగా ఉంటాయి, నేలని గట్టిగా పట్టుకుంటాయి. బండి కదులుతుంటే తిప్పడం తేలికే. నిలబడ్డ బండిని సిమెంటు మీద తిప్పాలంటే టైరు నేలని రాసుకుంటూ తిరగాలి, అసలు కష్టం అక్కడే. ఏడాదిలో రెండుసార్లు గేరు పళ్లు ఊడాయి. "అన్నా, మళ్లీ పళ్లు పోయినయ్" అని జూనియర్లు నవ్వేవాళ్లు. కాబట్టి మెటల్ గేర్ల సర్వో కావాలన్న మాటలో తప్పు లేదు. ఇప్పుడూ అదే అంటాను.

తప్పు ఎక్కడంటే, నేను డబ్బా మీద ఒక్క నంబరు చూశాను. 25 కిలోలు. కోఠీ అంతా తిరిగి 1800 పెట్టి తెచ్చాను.

ఆ 25 కిలోలకి అర్థమేంటో అప్పుడు సరిగ్గా చదవలేదు. షాఫ్టు మధ్య నుంచి 1 సెంటీమీటరు దూరంలో 25 కిలోల బరువుని ఆపగలదని. ఆర్మ్ 2 సెంటీమీటర్లు ఉంటే అది 12.5 కిలోలే. పైగా అది సర్వో కదలకుండా ఆగిపోయే చోటి లెక్క, తిరుగుతూ పనిచేసే చోటిది కాదు. ఇంకా కింద చిన్న అక్షరాల్లో 6.8 వోల్టుల దగ్గర అని ఉంది. మా బండిలో వచ్చేది 6. అంటే డబ్బా మీది నంబరు మా బండికి ఏనాడూ రాదు.

వేగం సంగతీ అంతే. సర్వో 60 డిగ్రీలు తిరగడానికి 0.17 సెకన్లు పడితే, గంటకి 40 కిలోమీటర్ల మీద పోయే బండి ఆలోపే దాదాపు 1.9 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. 0.1 సెకనైతే 1.1 మీటర్లు. మూల తిరగడానికి ఈ తేడా చాలు. మా అందరి చర్చా బలం గురించే, వేగం ఊసే లేదు.

ఇక ఆ రోజు. బాస్కెట్‌బాల్ కోర్టులో డెమో. ఫస్టియర్ అమ్మాయి రిమోట్ పట్టుకుంది, నిజానికి మా అందరికంటే చేయి నెమ్మది. కోర్టు చివర గట్టిగా తిప్పి, ఇటు వచ్చేటప్పుడు మళ్లీ తిప్పింది. ముందు చక్రాలు ఒక్కసారి వణికి, బండి తిన్నగా వచ్చేసింది. ఫోన్‌లో వీడియో తీస్తూ కింద కూర్చున్న మావాడి మోకాలి కింద తగిలింది.

"అన్నా, నేను తిప్పిన. అదే వినలే" అంది.

"కొత్త సర్వో 25 కిలోలది, వినకపోవడమేంటి? నీకు నడపడం రాలేదు" అన్నాను, అందరి ముందు. ఆ తర్వాత ఆమె క్లబ్బుకి రాలేదు.

వారం తర్వాత బండిని ల్యాబ్‌లో బల్ల మీద పెట్టి గొప్పగా చూపిస్తుంటే, మా ల్యాబ్ అసిస్టెంట్ సార్ ఒకటే అడిగారు. "ఎద్దును మార్చినరు సరే, మేత ఎవరేస్తున్నరు?"

మేత వేసేది మోటారుని నడిపే స్పీడ్ కంట్రోలర్. దానిలోనే బీఈసీ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, బ్యాటరీ వోల్టేజీని 6కి తగ్గించి రిసీవర్‌కీ సర్వోకీ ఇస్తుంది. మాది 2 ఆంపియర్లది. పాత సర్వోకి సరిపోయింది. కొత్తది బరువు మీద ఆగిపోయినప్పుడు అంతకంటే ఎక్కువే లాగుతుంది. లాగితే వోల్టేజీ పడిపోతుంది. అదే తీగ మీద రిసీవర్ కూడా బతుకుతోంది కదా.

సార్ చెప్పినట్టు రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చానెల్‌కి ఆసిలోస్కోప్ తగిలించాం. చక్రాలు నిటారుగా ఉంటే 6 వోల్టులు. సిమెంటు పలక మీద పెట్టి పూర్తిగా తిప్పితే గీత 3.2 కిందికి పడింది. రిసీవర్ లైటు ఆరిపోయి, కాసేపు మిణుకుమిణుకుమని, మళ్లీ వెలిగింది. ఆ కాసేపూ బండికి యజమాని లేడు. గంటకి 25 కిలోమీటర్ల మీద వచ్చే బండి సెకనుకి దాదాపు 7 మీటర్లు పోతుంది. థ్రాటిల్ వదిలేసినా ఉన్న ఊపు చాలు. ఆమె తిప్పింది. అది వినలేదు. అక్షరాలా ఆమె చెప్పిందే జరిగింది.

ఆ సాయంత్రం ఇంకో తప్పు బయటపడింది. చక్రాలు చివరికంటా తిరిగి ఆగిపోయాక కూడా సర్వో నెడుతూనే ఉంది. చెవి దగ్గర పెడితే తుమ్మెదలా రొద. రిమోట్‌లో ఎండ్ పాయింట్లు సరిచేయలేదు, పాత సర్వో లెక్కలే ఉన్నాయి. అంటే పూర్తిగా తిప్పిన ప్రతిసారీ సర్వో గోడని తోస్తూ కరెంటు తాగుతోంది.

అప్పుడు వరుసగా చేశాం. 400 పెట్టి 5 ఆంపియర్ల విడి బీఈసీ కొన్నాం. పాత బీఈసీ నుంచి వచ్చే ఎర్ర తీగని కనెక్టర్‌లోంచి తీసి టేపు చుట్టాం, రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడకూడదు కాబట్టి. ఎండ్ పాయింట్లని రొద ఆగేదాకా వెనక్కి తెచ్చాం. సర్వో సేవర్ స్ప్రింగుని బిగించాం. అది మరీ మెత్తగా ఉంటే సర్వో బలమంతా స్ప్రింగే మింగేస్తుంది, చక్రాలదాకా రాదు. మరీ గట్టిదైతే రాయికి తగిలిన దెబ్బ నేరుగా గేర్లకి వస్తుంది. మెటల్ గేర్లని ధీమాగా ఉండకూడదు, వాటి పళ్లు నిలిస్తే స్టీరింగ్ రాడ్డు వంగుతుంది. చివరగా, సిగ్నల్ పోతే థ్రాటిల్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టాం. నిజానికి మొదటి రోజే చేయాల్సిన పని. ఇప్పుడు అదే పరీక్షలో వోల్టేజీ 5.8 కిందికి పోవట్లేదు.

కొందరు మిత్రులు అంటారు, "ఇంత చదివితే బండి ఎప్పుడు నడుపుతాం? కొని, పగలగొట్టి నేర్చుకోవడమే హాబీ." సగం ఒప్పుకుంటాను. సొంత డబ్బుతో, ఖాళీ గ్రౌండులో పగలగొట్టుకుంటే ఎవరూ అడగరు. పది మంది డబ్బుతో, జనం మధ్య నడిపే బండికి ఆ మాట చెల్లదు. ఇంకొకరు "కెపాసిటర్ పెడితే పోయేది కదా" అన్నారు. క్షణంలో వచ్చిపోయే తగ్గుదలకి కెపాసిటర్ పనికొస్తుంది. సర్వో నెడుతూ నిలబడిపోతే అదెంతసేపు మోస్తుంది?

కాబట్టి క్లబ్బు ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ఏ పార్టు మార్చాలన్నా పాతదాని కొలతలు లాగ్‌బుక్‌లో రాయాలి: వోల్టేజీ, లింకేజీలో లూజు, చేత్తో తిప్పితే ఎక్కడ పట్టేస్తుంది, షాఫ్టు మీద పళ్లెన్ని. ఈ చివరిది చిన్న విషయం కాదు. మా షాఫ్టుకి 25 పళ్లు, నేను తెచ్చిన మొదటి ఆర్మ్‌కి 24. పట్టలేదు, అదో 150 పోయింది. రెండు, బండి అదుపు తప్పితే నడిపినవాళ్లు చెప్పింది ముందు రాసుకోవాలి, బండిని పరీక్షించేదాకా ఎవరినీ ఏమీ అనకూడదు.

లాగ్‌బుక్ మొదలైంది. మొదటి పేజీలో ఆ రోజు సంగతి, ఆసిలోస్కోప్ ఫోటో, తప్పు ఎవరిదన్న చోట నా పేరు ఉన్నాయి. పోయిన మంగళవారం ఆ అమ్మాయిని క్లాసు బయట కలిసి, ఆ పేజీ చూపించి, సారీ చెప్పాను. చదివింది. "స్కోప్ గ్రాఫులో టైమ్ స్కేలు రాయలే అన్నా" అంది.

నిజమే, రాయలేదు. ఇప్పుడు రాశాను. శనివారం డ్రైవింగ్ ఆమెదే, వస్తానంది.